బొంత కుట్టు వస్తే చాలు!

పాత చీరలు, చిరిగిన జీన్సు, బీరువాలో మూలుగుతున్న జాకెట్టు ముక్కలు... వీటితో ఇంటికీ, కానుకలకూ ఎన్నో కుట్టుకోవచ్చు. మిషను అక్కర్లేదు, టైలరింగ్ క్లాసులూ అక్కర్లేదు. నర్సంపేట పల్లెల్లో అమ్మమ్మల చేతికి అలవాటైన ఒక్క కుట్టు చాలు.

పాత చీరలిస్తే స్టీలు గిన్నె. బేరం గట్టిగా ఆడితే పైన ఒక గరిటె! వీధిలోకి స్టీలు సామాన్ల గంప రాగానే చాలా ఇళ్ళలో బీరువాలు తేలికయ్యేది ఇలాగే. ఆ మూటలో ముందుగా వెళ్ళిపోయేది ఎన్నో ఉతుకులకు వెన్నలా మెత్తబడ్డ నూలు చీర. నిజానికి ఇంట్లో అన్నిటికంటే పనికొచ్చే బట్ట అదే.

వెనకటి తరంవాళ్ళు దాన్ని అంత సులువుగా వదిలేవారు కాదు. కట్టినన్నాళ్ళు కట్టి, ఆ తర్వాత బొంత కుట్టేవారు. బొంత చిరిగితే గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్ట. అదీ చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ. పేలికైపోయే వరకూ బట్ట ఇల్లు దాటేది కాదు.

పత్తి నేలపై...

నర్సంపేట చుట్టుపక్కల ఖానాపురం, నల్లబెల్లి, దుగ్గొండి, చెన్నారావుపేట... ఎటు వెళ్ళినా పత్తి, మిర్చి చేలు కనిపిస్తాయి. ఇక్కడ బట్టకు కొరత ఉండకూడదు. కానీ ఇక్కడి పత్తి బేళ్ళుగా లారీలెక్కి ఎటో వెళ్ళిపోయి, ఎక్కడో బట్టగా మారి, తిరిగి మన షాపులకు వస్తుంది. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టి, చివరికి మూతపడింది. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. కొత్తవాడ నేతన్నల చేతిలో పుట్టే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మిల్లుకు చరిత్ర ఉంది, మగ్గానికి గుర్తింపు ఉంది. మధ్యాహ్నం పని ముగించుకుని నీడపట్టున కూర్చుని ఆడవాళ్ళు కుట్టిన బొంతకు మాత్రం ఏ లెక్కా లేదు. చవక దుప్పట్లు వచ్చాక దాన్ని అడిగేవాళ్ళు తగ్గారు. జారిపోయే పాలిస్టర్ చీరలు వచ్చాక కుట్టేందుకు మెత్తటి బట్టా తగ్గింది. ఇక మిగిలింది పెద్దవాళ్ళ వేళ్ళలోని నేర్పు. వాళ్ళతోపాటు అదీ పోతే, మళ్ళీ నేర్పేదెవరు?

ఇది మన ఒక్కరి కథే కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న ఊరుంది. అదీ పత్తి ఊరే. అక్కడి నల్లజాతి మహిళలు చలి కాచుకోవడానికి పాత పనిబట్టలు అతికి బొంతలు కుట్టుకునేవారు. వాటిని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెడితే జనం ముక్కున వేలేసుకున్నారు. 2006లో అమెరికా తపాలా శాఖ ఆ బొంతల బొమ్మలతో పది స్టాంపులు విడుదల చేసింది. మరి మన బొంత? ఇంకా అటక మీదే ఉంది!

దాన్ని కిందికి దించుదాం. మొదలుపెట్టే ముందు మూడు జాగ్రత్తలు.

* బట్టను ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేయాలి. చీరకు ఫాల్ ఉంటే విప్పేయాలి.
* తడి చేసిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ బట్టను లేతరంగు వాటితో కలపొద్దు.
* రెండు చేతులతో పట్టుకుని లాగి చూడండి. పర్రున చిరిగితే అది తుడవడానికే తప్ప కుట్టడానికి పనికిరాదు.

పసిబిడ్డకు చిట్టిబొంత

పుట్టిన బిడ్డకు ఏం ఇవ్వాలా అని షాపులన్నీ తిరిగేకన్నా, అమ్మమ్మ చీరతో ఒక బొంత కుట్టివ్వండి. ఐదున్నర మీటర్ల నూలు చీరను కుచ్చిళ్ళు పెట్టినట్టు అటూ ఇటూ మడిస్తే ఆరు పొరలొస్తాయి. సుమారు 36 అంగుళాల పొడవు, 45 అంగుళాల వెడల్పు ఉంటుంది. అందమైన భాగం పైకి వచ్చేలా చూసుకోండి. చాప మీద పరిచి, ముడతలు తీసి, పొరలు కదలకుండా ముందు మధ్య నుంచి అంచులకు పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేయండి. కొసలను లోపలికి మడిచి కుట్టండి.

ఇప్పుడు అసలు కుట్టు. లావుపాటి తెల్లదారం, కాస్త పెద్ద సూది తీసుకోండి. అంచు నుంచి మొదలుపెట్టి సూదిని కిందికి, పైకి, కిందికి, పైకి... అంతే! వరుసకు, వరుసకు మధ్య అంగుళం దూరం. నాలుగు పక్కలా తిరుగుతూ మధ్యకు చేరుకోవాలి. కుట్టు వంకర పోయిందని దిగులు పడొద్దు. బొంతకు ఆ వంకరే అందం. అయ్యాక కచ్చాకుట్లు తీసేయండి. రోజుకో గంట కూర్చుంటే కొద్ది రోజుల్లో పూర్తవుతుంది. పిల్లల బొంతకు జరీ, అద్దాలు, గుండీలు వద్దు. అది బిడ్డ కింద పరవడానికే, ముఖం మీద కప్పడానికి కాదు.

చేయి కాలని మసిగుడ్డ

పాత జీన్సు నుంచి 8 అంగుళాల చదరపు ముక్కలు రెండు కత్తిరించండి. మధ్యలో పాత తువ్వాలు ముక్కను రెండు మడతలుగా పెట్టండి. అంచులు కుట్టి, పైన గళ్ళు వచ్చేలా బొంత కుట్టు వేయండి. ఒక మూల నాడా ముక్క కుడితే మేకుకు తగిలించుకోవచ్చు. పాలిస్టర్ మాత్రం వాడొద్దు, వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. తడి గుడ్డతోనూ గిన్నె దించొద్దు. తడి ఉంటే వేడి త్వరగా చేతికి తగులుతుంది.

అంగడి సంచి

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో చాలావాటిపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకన్నా పలచటి క్యారీబ్యాగులూ కుదరవు. అయినా కూరగాయలకు వెళ్ళి కవరు అడుగుతున్నామంటే చేతిలో సంచి లేకనే కదా! పాత జీన్సు కాలి పైభాగం 16 అంగుళాలు కత్తిరించండి. తిరగేసి, అడుగున రెండు వరుసలు దగ్గర దగ్గరగా కుట్టండి. పై అంచు మడిచి కుట్టండి. మిగిలిన బట్టలో 20 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు పట్టీలు రెండు తీసి, మడిచి కుడితే చేతిపట్టీలు. వాటిని సంచికి అతికేచోట చదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తు వేయండి. బరువును మోసేది ఆ కుట్టే.

వాయనానికి పొట్లి

పేరంటంలో మనకొచ్చిన జాకెట్టు ముక్క ఇంకో పేరంటానికి, అక్కణ్నుంచి మరో ఇంటికి... తిరిగి తిరిగి మళ్ళీ మన ఇంటికే వచ్చినా ఆశ్చర్యం లేదు! ఆ తిరుగుడుకు ఇక స్వస్తి చెప్పండి. 36 అంగుళాల పన్నా, 80 సెంటీమీటర్ల పొడవున్న ముక్కలో 8 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల పొడవుతో ఆరు ముక్కలు వస్తాయి. ఒక్కోదాన్ని తిరగవేసి సగానికి మడవండి. పైన రెండు అంగుళాలు వదిలి రెండు పక్కలూ కుట్టండి. వదిలిన భాగాన్ని బయటివైపు మడిచి, నాడా దూరేంత గొట్టంలా కుట్టి, తిరగేయండి. నాడా ఎక్కించి లాగితే పొట్లి సిద్ధం. బతుకమ్మ పండుగకో, వరలక్ష్మీ వ్రతానికో పసుపు కొమ్ములు, వక్కలు, ఖర్జూరాలు పోసి ఇవ్వండి. తీసుకున్నవాళ్ళు పొట్లిని పారేయరు.

తండా మెరుపు

నర్సంపేట ప్రాంతంలో లంబాడా తండాలు చాలానే ఉన్నాయి. వాళ్ళ కుట్టుపనిలోని అద్దాలు, గవ్వలు, ఎరుపు, పసుపు దారాల కళ చూడాల్సిందే. పాత దిండు గలీబుకు నాలుగు మూలలా అద్దాలు కుట్టండి. అద్దం మీదుగా నిలువుగా రెండు, అడ్డంగా రెండు దారాలు బిగించి, వాటిని పట్టుకుంటూ చుట్టూ కుడితే అద్దం కదలదు. తల ఆనే చోట మాత్రం వద్దు. మరో మాట. పాత లంబాడా రవికెలు, లంగాలు దొరికితే సంచుల కోసం కత్తిరించకండి. వాటిలో ఒకరి కొన్నేళ్ళ కష్టం ఉంటుంది. తండాలో కుట్టేవాళ్ళుంటే కొత్తది కుట్టించుకుని, తగిన కూలి ఇవ్వండి.

ఈ ఆదివారం ఏం చేద్దామంటారా? సూదిలో దారం ఎక్కించి ఇంట్లోని పెద్దావిడ చేతికివ్వండి. కళ్ళు సరిగా కనిపించడం లేదంటుంది. అయినా వేళ్ళకు కుట్టు గుర్తుంటుంది. పక్కనే పిల్లల్నీ కూర్చోబెట్టండి. స్టీలు గిన్నె ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఆ కుట్టు మాత్రం ఏ గంపలోనూ దొరకదు!