తెలుగువారి వలపు పదము

వలపు పాట వయసువారి సొమ్మనియు, తల నరసినవారికి హరినామమే తగుననియు లోకమున నొక మాట గలదు. తెలుగు పాట చరిత్ర ఆ మాటను సమ్మతింపదు. మన కడపసీమలో 1408లో జన్మించి, తొంబదియైదేండ్లు జీవించి, 1503లో పరమపదించిన తాళ్లపాక అన్నమాచార్యుడు పరమభక్తుడు గదా. ఆయన కీర్తనలలో మనకు దక్కినవానిలో హెచ్చుభాగము శృంగారకీర్తనములే. ఈ వలపు పాట మనయొద్దకు ఏ దారిని వచ్చినది, అందేది నిలిచినది, ఏది జారిపోయినది అను సంగతులను నేడు విన్నవింతును.

పదమనగా నేమో ముందు చెప్పవలెను. పద్యము చదువుటకైనది, పదము పాడుటకైనది. దానికి పల్లవి, అనుపల్లవి, చరణములు అను భాగములుండును. మేత కెంత దూరము పోయినను ఆవు ప్రొద్దు గ్రుంకువేళకు ఊరు చేరునట్లు, చరణ మెంత దూరము పోయినను పల్లవిని చేరును. అందలి పాత్రలు సాధారణముగా ముగ్గురు: నాయిక, నాయకుడు, చెలికత్తె. పాట పెక్కుసారులు నాయిక నోటనే నడచును. ఆమె ఎదురుచూచును, అలుగును, నిలదీయును, తుదకు కరగును.

మన అలంకారికులు ఈ నాయికను ఎనిమిది అవస్థలలో చూపిరి. ప్రియుడు పరస్త్రీయొద్ద రాత్రి గడపి తెల్లవారి వచ్చినప్పుడు మండిపడునది ఖండిత. అలిగి వానిని పంపివేసి, పిదప తానే పశ్చాత్తాపపడునది కలహాంతరిత. మగడు దూరదేశమున నుండగా దినములు లెక్కించునది ప్రోషితభర్తృక. ఈ పేర్లు విని ఇవి పండితుల మాటలని బెదరనక్కరలేదు. కరవు యేట సుగ్గికి పోయిన మగనికై వాకిలి చూచు ఇల్లాలు మన యూళ్ల కెరుగనిది కాదు. శాస్త్రము పేరు మాత్రమే పెట్టినది. మనిషి మన యూరిదే.

అన్నమాచార్యుడు ఈ నాయికను అలమేలుమంగగాను, నాయకుని వేంకటేశ్వరుడుగాను నిలిపి పాడెను. ఆయన అహోబలమున శఠకోపయతియొద్ద వేదాంతము చదివెనని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన చరిత్రము చెప్పుచున్నది. అందే మరియొక కథ గలదు. సాళువ నరసింహరాయలు పెనుగొండలో అన్నమయ్యచేత స్వామిపై నొక శృంగారపదమును పాడించుకొని మిక్కిలి మెచ్చి, అట్టిదే తనపై నొకటి చెప్పుమని కోరెను. హరిని కీర్తించు నాలుకతో నరుని కీర్తింపనని ఆయన నిరాకరించెను. రాజు కోపించి సంకెల వేయించెను. ఆ సంకెల స్వామి కృపచేత వీడిపోయెనని కథ. ఈ కథలో గమనింపవలసిన దొకటి గలదు. రాజు కోరినది స్తోత్రము కాదు, వలపు పాట. కవి కాపాడినదియు వలపు పాటనే. ఆయన దృష్టిలో నది అంత పవిత్రమైనది.

భక్తికిని వలపునకును గల ఈ చుట్టరికము మన దేశమున కొక్కదానికే చెల్లినది కాదు. అమెరికాలో బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికావారి సంతతి తమ దేవాలయములలో పాడుకొను స్తోత్రముల గమకములను, ఆర్తిని వలపు పాటలలోనికి తెచ్చుకొన్నది. 1954లో రే చార్లెస్ అను అంధగాయకుడు ఒక దైవస్తోత్రపు బాణీని గ్రహించి ప్రియురాలిపై పాట కట్టి పాడెను. ఆ త్రోవను పెరిగిన సంగీతమునకు అచ్చటివారు సోల్, అనగా ఆత్మ, అని పేరు పెట్టిరి. అచ్చట దేవుని పాట ప్రియురాలి పాటయైనది. ఇచ్చట ప్రియురాలి పాట దేవుని పాటయైనది. త్రోవలు ఎదురెదురైనను నడచిన గుండె యొకటే.

ఇక ఈ పాటలు నిలిచిన తీరు వినుడు. అన్నమయ్య ముప్పదిరెండువేల సంకీర్తనములు రచించెనని ఆయన మనుమని వ్రాత. వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తన భాండారమను చిన్న గదిలో భద్రపరచిరి. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుడు ఈ పనికి ముఖ్యుడు. కాలక్రమమున ఆ భాండారము మరుగుపడినది. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున తిరుమల తిరుపతి దేవస్థానమువారు ఆ రేకులను వెలికి తెచ్చి పరిష్కరింపజేసిరి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి మున్నగు పండితులు ఇందు శ్రమించిరి. దాదాపు పదునాలుగువేల కీర్తనలు దొరకినవి.

రేకుపై మాట యున్నది, రాగము పేరున్నది, స్వరము లేదు. అబాలి, కొండమలహరి వంటి కొన్ని రాగముల పేర్లు నేటి గాయకుల కచేరీలలో వినబడవు. పాడు పరంపర తెగిపోవుటచే అన్నమయ్య కట్టిన వరుసలు చాలవరకు మాయమైనవి. అనంతపురము జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ (1893–1979), పిమ్మట మంగళంపల్లి బాలమురళీకృష్ణ మొదలగు విద్వాంసులు వానికి క్రొత్తగా వరుసలు కూర్చిరి. నేడు మన మానందించు వరుసలు పెక్కు ఇట్టివే. రాగి మాటను కాపాడినది, రాగమును కాపాడలేకపోయినది.

క్షేత్రయ్య పదముల చరిత్ర ఇందుకు భిన్నము. ఆయన పదునేడవ శతాబ్దివాడు. కృష్ణాతీరమందలి మువ్వ గ్రామపు గోపాలుని ముద్రతో పాడినవాడు. మధుర తిరుమలనాయకుని కొలువున రెండువేలు, తంజావూరు విజయరాఘవనాయకుని కొలువున వేయి, గోలకొండ పాదుషా కొలువున వేయిన్నైదువందలు పదములు చెప్పినట్లు ఆయన పేరిటి పదమొకటి పేర్కొనుచున్నది. నేడు కొన్ని వందలు మాత్రమే దక్కినవి. అయినను దక్కినవి వరుసతో గూడ దక్కినవి. ఎవరివలన? ఆలయములందును కొలువులందును ఆటపాటలే వృత్తిగా గల స్త్రీలవలన.

ఈ స్త్రీలలో పెక్కురు తమిళదేశమున నున్నవారు. తల్లి కూతునకు, కూతురు మనుమరాలికి నోటితో నేర్పుచు తెలుగు పదమును మూడు శతాబ్దులు మోసిరి. తంజావూరు కొలువున సేవించిన నర్తకీమణుల వంశమున పుట్టిన వీణ ధనమ్మాళ్ (1867–1938) మదరాసులో ఈ పదములకు నిలయమై యుండెను. ఆమె మనుమరాండ్రు బృంద, ముక్త వానిని కచేరీలలో పాడిరి. మరియొక మనుమరాలు బాలసరస్వతి (1918–1984) వానిని అభినయించి 1962 మొదలుగా అమెరికావారిని మెప్పించెను. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురమున ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో కొన్ని క్షేత్రయ్య పదములను స్వరపరచి ముద్రించిరి. పదము మిక్కిలి విలంబముగా సాగును. ఒక్క పలుకును పలు భావములతో మరల మరల పలుకుట దాని సొగసు. ఆ నిలుకడ కాగితమున చిక్కదు; గురువు నోటినుండియే రావలెను.

ఇట్టి నిధిని మోసినవారిని లోకము మన్నించినదా? లేదు. వారి వృత్తిని దూషించుచు, పాటను గూడ దూషించిరి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ, ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును పరిష్కరించి ముద్రింపించగా, అశ్లీలమని 1911లో దొరతనమువారు నిషేధించిరి. ఆ నిషేధము 1947లో టంగుటూరి ప్రకాశముగారి ప్రభుత్వకాలమున గాని తొలగలేదు. బాలికలను ఆలయములకు అర్పించుటను 1947లో మదరాసు రాజ్యమున చట్టము మాన్పినది. అది బాలికలకు మేలే. అయితే వారి విద్యకు వేరు ఆశ్రయము కల్పించు పనిని ఏ చట్టమును చేయలేదు. గృహము మారినప్పుడు దీపమును గూడ తీసికొనిపోవలెను గాని, చీకటిలో విడిచిపోరాదు.

పిమ్మట రేడియో కొంత ఆశ్రయమిచ్చినది. 1938లో మదరాసు కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము, 1963లో కడప కేంద్రము వెలసినవి. రాజుల కొలువులలో వినబడిన పాట రచ్చబండయొద్ద వినబడుట అప్పుడే మొదలైనది.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో నొక సత్యము తేలును. పాటకు రెండు పాత్రలు కావలెను: వ్రాత యొకటి, కంఠ మొకటి. వ్రాత యుండి కంఠము లేనిచో వరుస పోవును. అన్నమయ్య విషయమున నట్లయినది. కంఠముండి వ్రాత చాలనిచో పాటలే రాలిపోవును. క్షేత్రయ్య విషయమున నట్లయినది.

ఇది మన యూళ్లకు వర్తించు మాట. గొబ్బి, సువ్వి, ఉయ్యాల, ఏల వంటి పల్లెపాటల మట్లను అన్నమయ్య తన కీర్తనలలోనికి తీసికొనెను; అనగా ఆయన మన ముత్తవ్వల శిష్యుడు. ఆ మట్లు తెలిసిన అవ్వలు ఓర్వకల్లు మొదలు అహోబలము దాక ఇంకను నున్నారు. పిండిమరలు వచ్చి విసురురాయి మూలబడినది. దానితోడనే విసురుపాటయు మూలబడినది. పని పోయిన పిమ్మట పాటకు నిలువ నీడ యుండదు, మనము కల్పించిననే యుండును.

కావున పెద్దలారా, మీ యింటి అవ్వ నలుగుపాటయో, నాటుపాటయో పాడినప్పుడు పొత్తమున వ్రాయింపుడు. ఎవరు పాడిరో, ఏ యూర పాడిరో, ఏ పనివేళ పాడిరో చేర్చుడు. చేతిఫోనులో గొంతును పట్టి యుంచుడు. అంతటితో తృప్తిపడకుడు. యంత్రము పాటను దాచును గాని, నేర్చుకొనదు. మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టి, ఆ పాటను అవ్వతో కలిసి పాడనిండు. అందు సరసమున్నదని సిగ్గుపడి మాన్పింపకుడు. సరసమును హరికి నైవేద్యము చేసిన భాష మనది.