చైనా రైతుకూ కార్తెలున్నాయి
చలికాలానికి ఆరు. తేదీ గుర్తుచేస్తుంది, నేల తేల్చిచెబుతుంది

పండుగకు తిథి, పంటకు కార్తె. ఇది మన రైతులందరికీ తెలిసిన లెక్కే. తిథి చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది కనుక ఉగాది ఒక ఏడు మార్చిలో వస్తే మరో ఏడు ఏప్రిల్‌లో వస్తుంది. కార్తె సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. అందుకే మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే ప్రవేశిస్తుంది. విత్తనం చల్లేవాడికి అక్కరకొచ్చేది ఈ రెండో లెక్క.

చైనా రైతుకూ సరిగ్గా ఇదే అవసరం పడింది. అక్కడి కొత్త సంవత్సరం కూడా చంద్రుణ్ణి బట్టి జనవరి 21 నుంచి ఫిబ్రవరి 20 లోపు ఎప్పుడైనా పడుతుంది. దాన్ని నమ్ముకుని సేద్యం చేస్తే అదును తప్పుతుంది. అందుకని వాళ్లు సూర్యుడి ఏడాది నడకను 24 భాగాలు చేసుకున్నారు. ఒక్కోటి సుమారు 15 రోజులు. క్రీస్తుపూర్వం 104లో అమలుకు వచ్చిన వాళ్ల పంచాంగంలోనే ఈ లెక్క చేరింది. 2016లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ సంప్రదాయాల జాబితాలోకి తీసుకుంది.

ఆరు చలి కార్తెలు

24లో చివరి ఆరూ చలికాలానివి. నవంబరు 7, 8 తేదీల్లో 'లిదోంగ్' వస్తుంది, అంటే చలికాలం మొదలు. మన విశాఖ కార్తె ప్రవేశించేది ఆ రోజుల్లోనే. నవంబరు 22 ప్రాంతంలో 'షియావోషుయె' (చిన్న మంచు), డిసెంబరు 7 ప్రాంతంలో 'దాషుయె' (పెద్ద మంచు) వస్తాయి. ఈ మంచు మన దగ్గర తెల్లవారుజామున కమ్మే పొగమంచు లాంటిది కాదు. దూదిపింజల్లా రాలి నేలమీద పేరుకుపోయేది. డిసెంబరు 21, 22ల్లో 'దోంగ్జి'. ఏడాదిలో పగలు అన్నిటికంటే తక్కువగా ఉండేది ఆ రోజే. తర్వాత జనవరి 5 ప్రాంతంలో 'షియావోహాన్' (చిన్న చలి), జనవరి 20 ప్రాంతంలో 'దాహాన్' (పెద్ద చలి). ఫిబ్రవరి 4తో వసంతం లెక్కలోకి వస్తుంది.

గోధుమకు మంచు దుప్పటి

ఈ లెక్క పుట్టింది ఉత్తర చైనాలోని పసుపు నది మైదానాల్లో. అక్కడ గోధుమను శరదృతువులో విత్తుతారు. మొలక చలికాలమంతా చేలోనే ఉండి, మే నెలాఖరు, జూన్‌లలో కోతకు వస్తుంది. మొలకమీద మంచు పడితే పైరు చచ్చిపోదా అని మనకు అనుమానం రావచ్చు. అక్కడి రైతు మాత్రం మంచు పడకపోతేనే దిగులు పడతాడు. రాలిన మంచులో గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ గాలి నేలలోని వేడిని బయటికి పోనివ్వదు. పైన ఎముకలు కొరికే చలి ఉన్నా కింద మొలక బతికిపోతుంది. వసంతంలో ఆ మంచే కరిగి నేలకు పదునిస్తుంది. చలికాలంలో గోధుమకు మూడు దుప్పట్లు కప్పితే, మరుసటి ఏడు తిండికి లోటుండదని అక్కడి రైతుల మాట.

మంచు రాకముందు చేయాల్సిన పని ఒకటుంది. అది చలి తడి. షియావోషుయె రోజుల్లో గోధుమ చేలకు ఒక తడి ఇస్తారు. తడి నేల త్వరగా చల్లబడదు, త్వరగా వేడెక్కదు. వేళ్లకు ఆ నిలకడే కావాలి. అయితే కార్తె వచ్చింది కదా అని మడవ తిప్పేయరు. రాత్రి పైమట్టి గడ్డకట్టి, పగలు ఎండకు కరుగుతుంటే అదీ అదును. రోజంతటి సగటు వేడి 3 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడన్నమాట. అదును దాటి, నేల పూర్తిగా బిగుసుకున్నాక నీరు పెడితే అది ఇంకదు. పైనే గడ్డకట్టి పలకలా మారి, మొలకకు గాలి ఆడనివ్వదు. చేలో పదును సరిపడా ఉంటే ఈ తడే అక్కర్లేదు.

కార్తెను బట్టి కుండ

చలి ముదిరాక ఉత్తరాన పచ్చికూర మొలవదు. అందుకే లిదోంగ్ నాటికి క్యాబేజీ నిల్వ మొదలవుతుంది. బీజింగ్‌లో ఒకప్పుడు ఇంటింటా క్యాబేజీ గుట్టలు పేర్చి, పాత దుప్పట్లు కప్పి, చలికాలమంతా వాడుకునేవారు. ఈశాన్య చైనాలో క్యాబేజీని ఉప్పు వేసి జాడీలో కుక్కి, పైన రాయి పెట్టి పులియబెడతారు. దాషుయె వచ్చేసరికి దక్షిణాది ఇళ్లలో మాంసానికి ఉప్పు పట్టించి ఆరగడతారు. ఆ చలిలో అది చెడిపోదు.

దోంగ్జి పెద్ద పండుగ. ఉత్తరాన గోధుమపిండి రేకులో మాంసం, కూర పెట్టి కజ్జికాయలా మడిచి నీళ్లలో ఉడికించి తింటారు. వీటి పేరు జియావోజి. హాన్ రాజుల కాలపు వైద్యుడు ఝాంగ్ ఝోంగ్‌జింగ్, చలికి చెవులు పాడైన పేదల కోసం చెవి ఆకారంలో వీటిని చేయించాడని కథ చెబుతారు. దక్షిణాన వరి పండుతుంది కనుక జిగురుబియ్యం పిండితో మన ఉండ్రాళ్ల లాంటివి చేస్తారు. వాళ్ల పన్నెండో చాంద్రమాసం ఎనిమిదో రోజున బియ్యం, కొర్రలు, చిక్కుళ్లు, ఎండు రేగుపండ్లు కలిపి జావ కాస్తారు. చేలో పండిందే ఆ కుండలోనూ కనబడుతుంది.

పొద్దు పెరిగినా చలి తగ్గదు

దోంగ్జి నుంచి పగలు పెరుగుతుంది. చలి మాత్రం ఇంకా ముదురుతుంది. కారణం ఉంది. పొద్దు పెరగడం మొదలైనా, నేల రాత్రి పోగొట్టుకునే వేడి పగలు సూర్యుడిచ్చే వేడికంటే ఇంకా ఎక్కువగానే ఉంటుంది. ఆ లోటు పూడటానికి వారాలు పడుతుంది. దీన్ని చైనా రైతులు 'తొమ్మిది తొమ్మిదుల' లెక్కతో గుర్తుపెట్టుకున్నారు. దోంగ్జి నుంచి తొమ్మిదేసి రోజుల చొప్పున తొమ్మిది వరసలు, మొత్తం 81 రోజులు. మూడో తొమ్మిది, అంటే జనవరి రెండో వారం, గట్టి చలికి పేరు. 81 రేకుల పూలకొమ్మ గీసుకుని రోజుకో రేకుకు రంగు వేయడం కూడా ఉంది. రేకులన్నీ నిండేసరికి మార్చి రెండో వారం. ఎద్దు చేలోకి దిగే వేళ.

మన దాళ్వా, యాసంగి నారుమళ్లకూ ఇదే వర్తిస్తుంది. డిసెంబరు 22 దాటిందని నారుమడిని వదిలేయకూడదు. చలి గట్టిగా ఉన్నప్పుడు సాయంత్రం మడిలో నీరు తీసేసి, ఉదయం కొత్త నీరు పెట్టాలి. రాత్రిపూట కర్రలమీదుగా పాలిథిన్ పట్టా కప్పి పొద్దున తీసేస్తే నారు ఎర్రబడకుండా ఎదుగుతుంది.

ఒక పెద్ద తేడా

చైనా లెక్క పగలు, రాత్రి హెచ్చుతగ్గులను పట్టుకుని ఉంటుంది. అందుకే రుతువులతో దాని పొత్తు తప్పదు. మన కార్తె నక్షత్రాలను పట్టుకుని ఉంటుంది. భూమి ఇరుసు మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున మన కార్తె రుతువుకంటే వెనకబడుతుంది. పగలు పెరగడం డిసెంబరు 22న మొదలవుతున్నా, మకర సంక్రాంతి జనవరి 14, 15ల్లో రావడానికి కారణం ఇదే. వెయ్యేళ్లకు ఈ తేడా 14 రోజులవుతుంది. అంటే ఒక నిండు కార్తె.

అలాగని చైనా లెక్క దేశమంతటికీ ఒకేలా సరిపోదు. గ్వాంగ్‌డోంగ్‌లో పెద్ద మంచు కార్తెలోనూ మంచు పడదు. బీజింగ్ వైపు సెప్టెంబరు 23 ప్రాంతంలో విత్తే గోధుమను దక్షిణాన ఝెజియాంగ్‌లో లిదోంగ్ దాకా ఆగి విత్తుతారు. కార్తె పేరు ఒకటే అయినా ఏ ఊరి సామెత ఆ ఊరిదే.

మనం నేర్చుకోవాల్సింది ఇక్కడుంది. పంచాంగం పక్కనే ఒక నోటుబుక్కు ఉంచండి. ఏ కార్తెలో చలి ముదిరింది, మంచు ఎప్పుడు కమ్మింది, పురుగు ఎప్పుడు కనబడింది, ఏ రోజు విత్తితే ఎంత పండింది, అన్నీ రాయండి. నాలుగైదేళ్లు రాస్తే మీ చేనికి సరిపడే కార్తెల లెక్క మీ చేతికే వస్తుంది.