బేతమంగల నియోజకవర్గం ఏమైంది?

ఊరిగాం ప్రాంతపు బంగారు గనులకు పాలారు నీటిని అందించిన ఊరు బేతమంగల. ఆ ఊరి పేరుతో 2004 ఎన్నికల వరకు ఒక శాసనసభ నియోజకవర్గం ఉండేది. నేడది లేదు. కారణమేమిటి?

ఆనాడు గనుల పట్టణమైన కె.జి.ఎఫ్. ఒక స్థానం; చుట్టుపట్ల పల్లెలతో కూడిన బేతమంగల మరొకటి. పట్టణవాసికి ప్రధానమైనవి గని కూలీ, క్వార్టరు; పల్లెవాసికి చెరువు, పొలం. వారి సమస్యలను వినిపించడానికి వేర్వేరు శాసనసభ్యులుండేవారు.

2002 నాటి చట్టాన్ని అనుసరించి జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన పునర్విభజన సంఘం 2001 జనాభా లెక్కలను ఆధారంగా తీసుకొంది. కర్ణాటక శాసనసభ స్థానాలు మొత్తం 224. ఆ సంఖ్య మారలేదు. అయితే జనం విపరీతంగా పెరిగిన బెంగళూరు నగర జిల్లాకు 28 స్థానాలు దక్కాయి. అక్కడ పెరిగినన్ని మరొకచోట తగ్గక తప్పలేదు. అలా తొలగిన వాటిలో బేతమంగల ఒకటి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడి ఉపాధి కోల్పోయిన పట్టణమూ, బేతమంగల ప్రాంతపు పల్లెలూ 2008 మే ఎన్నికలలో షెడ్యూల్డ్ కులాలకు కేటాయించిన కె.జి.ఎఫ్. స్థానంలో కలిసి ఓటు వేశాయి. రెండు రకాల అవసరాలను ఒకే ప్రతినిధి మోయవలసి వచ్చింది.

ఇందులో మన పల్లెలు గ్రహించవలసినది ఒకటుంది. తుది ఉత్తర్వుకు ముందు సంఘం ముసాయిదాను ప్రకటించి, అభ్యంతరాలు స్వీకరించి, బహిరంగ విచారణ జరుపుతుంది. ఊరి మాట చెప్పుకోవలసిన సమయం అదే. హద్దులు మరల గీసేనాడు మన ఊరు ఎటు చేరుతున్నదో ముసాయిదాలోనే చూసుకోవాలి.