తెర ఖాళీగా ఉందంటే అనుమానించాలి

1904 మే నెలలో జర్మనీలోని కొలోన్‌లో, రైన్ నది ఒడ్డున 22 ఏళ్ల కుర్రవాడొకడు తను తయారుచేసిన పెట్టెను నలుగురికీ చూపించాడు. పేరు క్రిస్టియన్ హ్యుల్స్‌మయర్. నది మీద పడవ దగ్గరకు రాగానే ఆ పెట్టెకు తగిలించిన గంట మోగింది. పడవ దాటిపోగానే ఆగిపోయింది. పెట్టెలో పుట్టిన రేడియో తరంగాలు పడవలోని లోహానికి తగిలి వెనక్కి రావడమే అందులోని కిటుకు. పొగమంచులో ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూడాలన్నది అతని ఆశ. జర్మన్ నౌకాదళం వద్దంది, ఓడల కంపెనీలూ ముందుకు రాలేదు. ఎదుట ఏదో ఉందని చెప్పడమే తప్ప ఎంత దూరంలో ఉందో ఆ గంట చెప్పలేకపోయేది. కొన్నాళ్లకు దాన్ని అందరూ మరిచిపోయారు.

రాడార్‌ను యుద్ధం పుట్టించిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఓడల కోసం పుట్టింది, యుద్ధం దాన్ని తీసుకెళ్లి పెంచుకుంది. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండ్‌లోని డావెంట్రీ దగ్గర రాబర్ట్ వాట్సన్ వాట్, ఆర్నాల్డ్ విల్కిన్స్ బీబీసీ ప్రసార కేంద్రం తరంగాలనే వాడుకుని ఒక బాంబర్ విమానం జాడ పట్టారు. ఆ తరంగాల పొడవు 49 మీటర్లు. ఆ తర్వాత ఇంగ్లండ్ తీరం వెంట లేచిన రాడార్ స్తంభాలు వంద మీటర్లకు పైబడిన ఎత్తున ఉండేవి. అలాంటివి పడవ మీద పెట్టే మాటే లేదు. దారి చూపింది బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని జాన్ రాండాల్, హ్యారీ బూట్. 1940 ఫిబ్రవరి 21న వాళ్లు నడిపించిన మాగ్నెట్రాన్ 10 సెంటీమీటర్ల పొడవున్న తరంగాలను బలంగా పుట్టించింది. తరంగం ఎంత పొట్టిదైతే, దాన్ని సన్నని కిరణంగా మలిచే యాంటెన్నా అంత చిన్నదైనా సరిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ యంత్రం సరుకు ఓడల మీదకు ఎక్కింది. మన వంటింటి మైక్రోవేవ్ ఓవెన్‌లో అన్నం వేడి చేస్తున్నదీ మాగ్నెట్రానే.

ఇప్పుడు యాంటెన్నాను లోపల దాచుకున్న 45 సెంటీమీటర్ల డోము ఒకటి చిన్న పడవ మీద కూడా కనిపిస్తుంది. జీపీఎస్ చార్టు, రాడార్ బొమ్మ ఒకే తెర మీదకు వచ్చేశాయి. లోపల జరిగే పని మాత్రం పాతదే. యాంటెన్నా గుండ్రంగా తిరుగుతూ, సెకనులో పదిలక్షల వంతుకు అటూ ఇటూగా ఉండే చిన్న పల్స్‌ను ఒక దిక్కుకు పంపి, అది తిరిగొచ్చే దాకా ఎంతసేపు పట్టిందో లెక్కగడుతుంది. నాటికల్ మైలు దూరంలో ఉన్న ఓడను తాకి వెనక్కి రావడానికి 12.35 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ కాలాన్ని దూరంగా మార్చి, యాంటెన్నా చూస్తున్న దిక్కున తెర మీద మచ్చ పెడుతుంది.

ఈ మచ్చ చెప్పే దూరాన్ని నమ్మవచ్చు. దిక్కును అంతగా నమ్మకూడదు. చిన్న డోము నుంచి వెళ్లే కిరణం సుమారు 5 డిగ్రీల వెడల్పుంటుంది. 2 నాటికల్ మైళ్లు పోయేసరికి అది 300 మీటర్లు దాటి విచ్చుకుంటుంది. ఆ వెడల్పులో పక్కపక్కన రెండు పడవలుంటే తెర మీద ఒకటే మచ్చ పడుతుంది. రేవు ముఖద్వారం 150 మీటర్లే ఉందనుకోండి, 2 మైళ్ల అవతలి నుంచి చూస్తే రెండు వైపుల గోడలూ కలిసిపోయి అసలు దారే లేనట్టు కనిపిస్తుంది. కొత్తగా రాడార్ పట్టుకున్నవాళ్లు దారి తప్పామేమోనని ఇక్కడే కంగారు పడతారు. కాస్త దగ్గరకు వెళ్తే సందు దానంతటదే విడుతుంది. అమ్మేవాళ్లు గొప్పగా చెప్పే 36 మైళ్ల రేంజ్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నీటికి 4 మీటర్ల ఎత్తున ఉన్న డోముకు రాడార్ దిగంతం నాలుగున్నర మైళ్లలోపే. అంతకు మించిన దూరంలో ఎత్తైన ఓడలు, కొండలు, వానమబ్బులు కనపడతాయి గానీ చిన్న చేపల పడవ కనపడదు.

ఇక సర్దుబాటు. నేటి తెరలు చాలావరకు ‘ఆటో’లోనే మొదలవుతాయి, మామూలు రోజుల్లో అది చాలు కూడా. అయితే ఆ ఆటో మన తరఫున ఏమేం తీసి పారేస్తోందో తెలియాలంటే ఒక్కసారైనా చేత్తో చేసి చూడాలి. ముందుగా రేంజ్ పెట్టుకోవాలి, ఎందుకంటే రేంజ్ మారితే పల్స్ పొడవు కూడా మారిపోతుంది. అలల మచ్చలనూ వాన మచ్చలనూ తగ్గించే క్లట్టర్ మీటలు రెండూ సున్నాకు తెచ్చి, రిసీవర్ వినికిడిని పెంచే గెయిన్‌ను పెంచుకుంటూ పోవాలి. కాసేపటికి తెర నిండా ఇసుక చల్లినట్టు సన్నని చుక్కలు పడతాయి. అక్కడ ఆగి కొంచెం వెనక్కి తిప్పాలి. చుక్కలు మొత్తం పోకూడదు, అక్కడో ఇక్కడో మిగలాలి. అవి మిగిలాయంటే రిసీవర్ తన శక్తి మేరకు వింటున్నట్టు.

తర్వాత సీ క్లట్టర్. పడవ చుట్టూ ఉన్న అలలు కూడా తరంగాలను వెనక్కి కొడతాయి. గాలి వీచే వైపు నుంచి అలలు నిటారు ముఖంతో వస్తాయి కాబట్టి ఆ వైపు గందరగోళం ఎక్కువ. సీ క్లట్టర్ మీట తిప్పితే అలలు మాయమవుతాయి. కానీ అల ఏదో, పడవ ఏదో ఆ మీటకు తెలియదు. దగ్గరి నుంచి వచ్చే ప్రతిధ్వనులన్నిటికీ రిసీవర్ చెవి మూసి, దూరం పెరిగేకొద్దీ మెల్లగా తెరవడమే అది చేసే పని. మరీ ఎక్కువ తిప్పితే మన చుట్టూ నల్లగా, శుభ్రంగా, చూడముచ్చటైన తెర తయారవుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైన తెర అదే. లోహం లేని, నీటికి పెద్దగా ఎత్తు లేని పడవ అందులో మునిగిపోతుంది. మన కోస్తాలో వేటకు వెళ్లే చెక్క తెప్పలు, వాటి స్థానంలో వచ్చిన ఫైబర్ బోట్లు సరిగ్గా ఆ కోవలోవే. అందుకే అలల మచ్చల్ని పూర్తిగా తుడవకుండా పలచబరచి వదలాలి. ఆ తర్వాత యాంటెన్నా నాలుగైదు చుట్లు తిరిగేదాకా ఓపిగ్గా చూడాలి. అల మచ్చ ఒక చుట్టులో ఇక్కడ, మరో చుట్టులో ఇంకెక్కడో పడుతుంది. పడవ మచ్చ మసకగానైనా ప్రతి చుట్టులో ఉన్నచోటే పడుతుంది.

రెయిన్ క్లట్టర్ మీటదీ ఇదే స్వభావం, అవసరం తీరగానే వెనక్కి తిప్పేయాలి. పెద్ద ఓడల్లో 3 సెంటీమీటర్ల తరంగాల రాడార్‌కు తోడు 10 సెంటీమీటర్లది కూడా ఉండటానికి ఒక కారణం వానే. పొడవైన తరంగం చినుకులను పెద్దగా లెక్కచేయదు.

తెర బాగున్నా మనిషి పొరబడవచ్చని ప్రపంచానికి తెలిసింది 1956 జులై 25 రాత్రి. అమెరికా తూర్పు తీరాన నాంటకెట్ దీవికి దక్షిణంగా, ఇటలీ ప్రయాణికుల నౌక ఆండ్రియా డోరియా న్యూయార్క్‌కు వస్తోంది. స్వీడన్ నౌక స్టాక్‌హోమ్ న్యూయార్క్ నుంచి వెళ్తోంది. డోరియా పొగమంచులో ఉంది, అయినా వేగం పెద్దగా తగ్గించలేదు. రెండు నౌకల్లోనూ రాడార్ పనిచేస్తూనే ఉంది, రెండూ ఒకదాన్నొకటి మైళ్ల దూరం నుంచే చూశాయి. ఎదుటి నౌక తమ కుడివైపు నుంచి పోతుందని డోరియాలో అనుకున్నారు. ఎడమవైపు నుంచి పోతుందని స్టాక్‌హోమ్‌లో అనుకున్నారు. తీరా దగ్గరపడ్డాక డోరియా ఎడమకు, స్టాక్‌హోమ్ కుడికి తిరిగాయి. మొత్తం 51 మంది చనిపోయారు. డోరియా మర్నాడు ఉదయం మునిగిపోయింది. డోరియాలో ఆ మచ్చ స్థానాలను కాగితం మీద గుర్తించి గీత గీసినవారే లేరు. స్టాక్‌హోమ్ తెర 5 మైళ్ల రేంజ్‌లో ఉండగా 15 మైళ్లని భ్రమపడి ఉంటారని తర్వాత ఒక విశ్లేషణ వచ్చింది. కేసు కోర్టులో తేలకుండా రాజీతో ముగిసింది కాబట్టి ఆ వాదన వాదనగానే మిగిలిపోయింది. నాకైతే డోరియాలో గీత గీయకపోవడమే పెద్ద తప్పనిపిస్తుంది. 1972లో తయారైన అంతర్జాతీయ నౌకా నియమాల్లో ఏడోది అరకొర రాడార్ సమాచారం మీద అంచనాలు కట్టవద్దని పనిగట్టుకుని చెబుతుంది.

తెర మీద మన పడవ నడిమధ్యలో కదలకుండా ఉంటుంది, లోకమంతా మన చుట్టూ జరుగుతుంది. చిక్కు అక్కడే. మచ్చ వెనుక సాగే తోక ఎదుటి ఓడ వెళ్తున్న దారిని చూపదు, రెండు వేగాలూ కలిసిన దారిని చూపుతుంది. దీనికి పాత మందు ఒకటుంది. కేంద్రం నుంచి ఒక ఎలక్ట్రానిక్ గీతను మచ్చ మీదుగా గీసి వదిలేయాలి. కాసేపటికి మచ్చ గీత నుంచి పక్కకు జరిగితే ఓడ తప్పుకుపోతుంది. గీత మీదుగానే జారుతూ దగ్గరకొస్తుంటే ఇప్పుడే ఏదో ఒకటి చేయాలి. పడవ ముక్కు దిక్కును డోముకు సరిగ్గా నేర్పకపోతే ఈ గీత చూపే దిక్కు తప్పవుతుంది. తేటగా ఉన్న పగటిపూట కంటికి కనిపించే బోయాకు ఎదురుగా పడవను నిలిపి సరిచూసుకోవాలి. 2 డిగ్రీల తేడా ఉన్నా 6 మైళ్ల దూరానికి అది దాదాపు 400 మీటర్లవుతుంది, చార్టు మీద పరిచిన రాడార్ బొమ్మలో ఒడ్డు పక్కకు జరిగిపోతుంది.

కొత్త తరం రాడార్లు మాగ్నెట్రాన్‌ను వదిలేశాయి. పాతవి కిలోవాట్లలో పేల్చే చోట ఇవి కొద్ది వాట్లతోనే, పొడవైన తరంగ సరళిని పంపి గణితంతో బొమ్మ తీస్తాయి. వేడెక్కేదాకా ఆగనక్కర్లేదు. ఓడ దగ్గరవుతోందో దూరమవుతోందో పసిగట్టే డాప్లర్ ఉన్నవి దగ్గరకొచ్చే ఓడకు రంగు వేసి చూపిస్తాయి. అడ్డంగా దాటే ఓడకు మాత్రం ఆ రంగు పడకపోవచ్చు. ఈ కొత్త పద్ధతుల్లో కొన్నిటికి ఇంకో లోటుంది. ప్రాణరక్షక పడవల్లో ఉంచే సార్ట్ అనే పరికరం, 3 సెంటీమీటర్ల పాత రాడార్ పల్స్ తగిలితే బదులు పలికేలా తయారైంది. చప్పుడు చేయకుండా సాగే కొత్త తరంగాలకు అది మేలుకోకపోవచ్చు.

మేలుకుందంటే తెర మీద వరుసగా 12 చుక్కలు పడతాయి. ఆ వరుస 7, 8 మైళ్ల పొడవుంటుంది కాబట్టి వెతికేటప్పుడు 6 లేదా 12 మైళ్ల రేంజ్ పెడతారు. మనకు అతి దగ్గరగా ఉన్న చుక్క దగ్గరే మనుషులున్నట్టు. దగ్గరవుతున్నకొద్దీ చుక్కలు విల్లులవుతాయి, మైలు లోపలికొచ్చేసరికి పూర్తి వలయాలై తెరంతా కమ్మేసి, ఏ దిక్కున ఉన్నారో చెప్పడం మానేస్తాయి. అప్పుడు ఆపరేటర్ గెయిన్ తగ్గిస్తాడు. సముద్రం నుంచి వచ్చే ప్రతిధ్వనులు సార్ట్ చుక్కలను కప్పేస్తుంటే రిసీవర్ ట్యూనింగ్‌ను కావాలనే చెడగొడతాడు. అలలూ ఓడలూ తెర మీద నుంచి చెరిగిపోతాయి. సార్ట్ పలుకు అంత సన్నని పౌనఃపున్యానికి కట్టుబడనిది కాబట్టి అది ఒక్కటే మిగులుతుంది.