కోటి రూపాయల ఉత్సవమూర్తి

దూరదర్శన ప్రశ్నోత్తర క్రీడలను గూర్చి ఎచ్చట ప్రసంగము వచ్చినను రెండు విధములైన ఆక్షేపణలు వినవచ్చుచుండును. పదునైదు ప్రశ్నలకు జవాబు చెప్పినంత మాత్రమున ఒకనికి కోటి రూపాయలు ధారపోయుట అన్యాయమనియు, బడిలో ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన పంతులుగారికైనను అంత మొత్తము ఒక్కసారిగా కంటబడదనియు ఒకరు వాదింతురు. ప్రకటనల మీద కోట్లు గడించు ఛానెలువారు పోటీదారునకు విదల్చునది పిడికెడే గదా యని వేరొకరు నిట్టూర్తురు. ఇరువురును తెర మీద మెరయు అంకెను చూచి కలహించుకొనుచున్నారే గాని, ఆ అంకె ఎందరికి, ఎంత కోతతో చేతికందుచున్నదో విచారించినవారు కానరారు. నాకు చికాకు కలిగించునది ఇదియే.

దేవాలయములలో మూలవిరాట్టు గర్భాలయము విడిచి రాదు. వీధులలో ఊరేగునది ఉత్సవమూర్తి. ఈ కోటి రూపాయలను నేను ఉత్సవమూర్తిగనే భావింతును. అది ప్రతి రాత్రియు వాహనమెక్కి, దీపముల నడుమ, గుండెలదరు వాద్యఘోషతో ఇంటింటి ముంగిటికి విచ్చేయును. హిందీలో అమితాబ్ బచ్చన్, తెలుగున నాగార్జున, చిరంజీవి, జూనియర్ ఎన్టీఆర్ వంటివారు అర్చకులై గంభీరస్వరమున హారతి పట్టుచు వచ్చిరి. ప్రకటనాదాయ మనెడి మూలవిరాట్టు మాత్రము లోపలనే యుండును; దాని కైవారము భక్తులకు తెలియదు. పోటీదారులు పల్లకి మోయు బోయీలు. వారి భుజములు లేనిదే ఊరేగింపు కదలదు. ఉత్సవము ముగిసిన పిమ్మట వారిలో అనేకులకు దక్కునది పులిహోర పొట్లమే.

ఒక బోయీ విగ్రహమును నిజముగనే గెలిచి యింటికి తెచ్చుకొనెననుకొందము. కోటి గెలిచినవానికి కోటి దక్కదు. 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో కౌన్ బనేగా కరోడ్‌పతి యను హిందీ క్రీడ ఆరంభము కాగా, మరుసటి యేటి ఆర్థిక చట్టము టెలివిజను పోటీలను లాటరీతోను పేకాటతోను ఒకే గాటన కట్టివైచెను. ఆ దెబ్బతో మొగలుల వంశావళి కంఠస్థము చేసినవాడును మూడు ముక్కలాట ఆడినవాడును పన్ను అధికారి దృష్టిలో సమానులైరి. ఈ రాబడికి కనీస మినహాయింపు లేదు, ఖర్చుల తగ్గింపు లేదు. వేరొక పైసా ఆదాయము లేని విద్యార్థి గెలిచినను మొదటి రూపాయి నుండియే 30 శాతము. కోటికి 30 లక్షలు. 50 లక్షలు దాటినందున ఆ పన్నుపై 10 శాతము సర్‌చార్జి, అనగా 3 లక్షలు. ఆ రెంటిపై 4 శాతము సెస్సు, అనగా 1 లక్షా 32 వేలు. వెరసి 34 లక్షల 32 వేలు పోగా మిగులునది 65 లక్షల 68 వేలు. డబ్బు చేతికిచ్చునప్పుడే ముప్పది లక్షలు టీడీఎస్ క్రింద పట్టుకొందురు. తక్కిన నాలుగు లక్షల చిల్లర రిటర్ను వేయునాడు బయటపడును, అప్పటికే ఇంటి స్థలమునకు బయానా ఇచ్చుకొన్నవాడు తల పట్టుకొనును. గురుడు ఏకాదశమున నున్నాడనియు, పేరులో ఒక అక్షరము పొడిగించినందుననే లక్ష్మి తలుపు తట్టెననియు చెప్పు సంఖ్యాశాస్త్రజ్ఞుడు దక్షిణ పుచ్చుకొని వెడలిపోవును గాని, ఈ 34 లక్షల సంగతి ఏ గ్రహమును ముందుగా చెవిని వేసిన దాఖలా లేదు.

ఇక రూపాయి విలువ. 2000లో పది గ్రాముల బంగారము నాలుగున్నర వేల లోపున దొరకెడిది. అనగా కోటితో ఇరువది కిలోలకు పైగా వచ్చెడిది. 2024లో 70 వేలు దాటిన ధరకు అదే కోటికి కిలోన్నరయైనను రాదు. బంగారము మాట విడిచినను, ప్రభుత్వమువారి కాస్ట్ ఇన్‌ఫ్లేషన్ ఇండెక్సు 2001-02లో 100 కాగా 2024-25కు 363 అయ్యెను. ఆ హిందీ క్రీడలో బహుమానపు చిట్టచివరి మెట్టు మాత్రము ఈ సూచికను మించియే యెగబాకినది: 2005లో 2 కోట్లు, 2010లో 5 కోట్లు, 2013లో 7 కోట్లు, 2022లో ఏడున్నర కోట్లు. ఇంతటి ఔదార్యము ఎట్లు సాధ్యమైనదో తెలిసికొనవలెనన్న కొంచెము నెమ్మదిగా నడువవలసియున్నది.

2017 మొదలు కొన్నేండ్లు అమలులో నున్న నియమమును తీసికొందము. కోటి గెలిచినవాని యెదుట 7 కోట్ల ప్రశ్న నిలుచును. విరమించినచో కోటి తనది. తప్పు చెప్పినచో 3 లక్షల 20 వేలకు జారిపడును. సమాధానములు నాలుగు గనుక, ఏమియు తెలియనివాడు కన్నులు మూసికొని వ్రేలు పెట్టినను నాలుగింట ఒక వంతు అవకాశము గలదు. అట్టివారు నూరుగురు గుడ్డిగా జవాబు చెప్పిరని ఊహింపుడు. ఇరువదియైదుగురికి ఏడేసి కోట్లు, అనగా 175 కోట్లు. డెబ్బదియైదుగురికి 3 లక్షల 20 వేల చొప్పున 2 కోట్ల 40 లక్షలు. సగటున తలకు 1 కోటి 77 లక్షల పైమాట. అందరును విరమించిన తలకు కోటియే. కావున సగటు లెక్క ప్రకారము ప్రశ్న చదువకయే జవాబు చెప్పుట లాభము! ఐనను ఆ యేండ్లలో కోటి గెలిచినవారు ఒకరి వెంట నొకరు విరమించి లేచిపోయిరి. వారు అవివేకులా? ఎంతమాత్రమును గారు. నూరుగురు ఉమ్మడి సంచితో ఆడుట వేరు, ఒక్కడు తన బ్రదుకులో ఒక్కసారి ఆడుట వేరు.

ఈ రహస్యమును 1738లోనే గణితశాస్త్రజ్ఞుడు డేనియల్ బెర్నూలీ వెల్లడించెను. ఈ మహాశయుని పేరు చెప్పినంతనే నా కలము దారి తప్పును: ప్యారిసు అకాడమీ వారు బహుమానమును ఆయనకును తండ్రి యోహాన్‌కును కలిపి ప్రకటింపగా, కొడుకు తనకు సమానుడగుట సహింపలేక ఆ తండ్రి ఆతనిని ఇల్లు వెడలగొట్టెనని చెప్పుదురు, బహుమానము చాలునా చాలదా యను తగవు ఈనాటిది కాదు. ఆ బెర్నూలీ చెప్పినదేమనగా, ధనము పెరిగిన కొలది దాని వలని సంతుష్టి అదే పాళ్లలో పెరగదు. ఉన్నవానికి పది లక్షలు చిల్లర, లేనివానికి జీవితము. ఆయన సంవర్గమాన సూత్రమును మన క్రీడకు అన్వయించి చూడగా, 20 లక్షల ఆస్తి గల గృహస్థు 7 కోట్ల జవాబు పట్ల నూటికి ఇంచుమించు 48 పాళ్ల నమ్మకము ఉన్నప్పుడే సాహసింపవలెను; నూరు కోట్ల ఆసామి మాత్రము గుడ్డిగా ఆడినను తప్పులేదు. ఆసనము వరకు వచ్చువారు సాధారణముగా మొదటి తరగతివారే. కనుక ఏడు కోట్లను తెర మీద నిలుపుటకు అయ్యెడి వ్యయము ఏడు కోట్లు కాదు; దానిని ముట్టుటకు జంకువారి యెదుటనే దానిని నిలుపుచున్నారు.

తెలుగున 2014లో మా టీవీలో మొదలైన ఈ క్రీడకు తొలి కోటీశ్వరుడు 2021 నవంబరులో గాని లభింపలేదన్న సంగతి ఇచ్చట స్మరింపదగును.

హుండీ వైపు గూడ ఒకసారి చూడవలెను. 2007లో హిందీ కార్యక్రమముతోపాటు ఇంటనుండి ఎస్సెమ్మెస్ పంపు పోటీ యొకటి నడచెను. సందేశమునకు 2 రూపాయల 40 పైసలు. వచ్చినవి సుమారు 5 కోట్ల 80 లక్షల సందేశములు. అనగా పదునాలుగు కోట్లకు చేరువ. పంచిన బహుమానములు కోటికి కాస్త పైన. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో నిర్వాహకులకు కోటి రూపాయల దండన విధించెను. బహుమానములు ఆ సందేశముల రాబడి నుండియే ఇచ్చిరనుటకు ఆధారము చాలదని సుప్రీంకోర్టు 2019లో దానిని కొట్టివేసెను. న్యాయము ఎటున్నను, ఉత్సవపు చందా ఎవరి జేబు నుండి వచ్చుచున్నదో అంకెలు తెలుపుచున్నవి.

ఇంతకును బహుమతి చాలునా? గెలిచినవానికి చాలును, పన్ను పోయినను ఆరు మాసముల చదువుకు 65 లక్షలు తక్కువ కూలి కాదు. చాలనిది ఇతరులకు. వేగముగా మీట నొక్కు తొలి పోటీకి పదుగురు కూర్చుండగా ఒక్కరు లేచి ఆసనమునకు పోవుదురు; తక్కిన తొమ్మిదిమంది ముఖములు క్షణకాలము కనబడి మాయమగును. అమెరికాలో జెపర్డీ క్రీడవారు ఓడిన ఇద్దరికిని రొక్కము నిర్ణయించిరి: చాలకాలము 2,000, 1,000 డాలర్లుగా నుండి 2023లో 3,000, 2,000 అయ్యెను. ఆ మాత్రపు పద్ధతి మన తెరలపై గూడ అచ్చమైన నియమముగా ఉండవలెనని నా పట్టుదల. ఆ తొమ్మిదిమందికి తలకొక 50 వేలిచ్చినను ఒక రాత్రికి అయ్యెడిది నాలుగున్నర లక్షలు.