పెండ్లి పొద – ఆముదమునకు దూరపు చుట్టము



ఆముదము పేరు వినని తెలుగు ఇల్లు ఉండదు. మారిషస్‌లో బీడు భూములయందు ఆ చెట్టు దానంతట అదే పెరుగుతూ ఉంటుంది. ఈ ఆముదమునకు ఆస్ట్రేలియాలో ఒక దూరపు చుట్టము ఉన్నది. అక్కడివారు దానిని వెడ్డింగ్ బుష్ అంటారు. మనము పెండ్లి పొద అందాము.

దీని శాస్త్రనామము రిసినోకార్పస్ పైనిఫోలియస్. రిసినస్ అంటే ఆముదము, కార్పోస్ అంటే కాయ, పైనిఫోలియస్ అంటే పైను చెట్టువంటి ఆకులు కలది. 1817లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు దెఫోంతేన్ దీనిని వర్ణించెను. మన కర్రపెండలము, జెముడు కూడా ఈ కుటుంబములోనివే.

పొద 1 మీటరు నుండి 3 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఆముదపాకు అరచేయివలె వెడల్పుగా ఉంటే, దీని ఆకు సన్నము. పొడవు 1 నుండి 4 సెంటీమీటర్లు. అంచులు క్రిందికి ముడుచుకొని ఉంటవి. అందువలన నీరు త్వరగా ఆవిరి కాదు. వసంతములో పొద అంతా తెల్లని పూలతో నిండిపోతుంది. అందుకే ఆ పేరు. ఒకే పొదపై మగపూలు, ఆడపూలు వేరువేరుగా ఉంటవి. మగపూవు నడుమ పసుపుపచ్చని కేసరములు ఒక స్తంభమువలె కలిసి నిలుస్తవి.

మరి చుట్టరికము ఎక్కడ? కాయలో! ఆముదపు కాయవలెనే దీని కాయ కూడా గుండ్రముగా, పైన ముళ్ళతో, లోపల మూడు గదులతో ఉంటుంది. ఆకును చూచి వేరనుకొన్నవారు కాయను చూచి ఒకటే వంశమని ఒప్పుకొనవలసినదే.

క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్, విక్టోరియా, టాస్మేనియాలలో, ముఖ్యముగా సముద్రతీరపు ఇసుక నేలలలో, యూకలిప్టస్ అడవులలో ఇది పెరుగుతుంది. సారము లేని నేలయే దీనికి ఇల్లు. కాని సిడ్నీ తూర్పు భాగములో ఇటువంటి ఇసుక నేలల పొదటడవి ఇళ్ళ క్రింద, రోడ్ల క్రింద పోయి, నూటికి మూడు వంతులకన్న తక్కువే మిగిలినది. పోయినచోట మరల నాటుదామంటే, దీని విత్తనములు సులభముగా మొలవవు.

ఈ మాట మనకు క్రొత్తది కాదు. మన దీవిలో మంచి స్థితిలో ఉన్న సహజారణ్యము నూటికి రెండు వంతులకన్న తక్కువ. చాలా భాగము చెరకు కొరకు పోయినది. ఆ చెరకు పొలములలో చెమటోడ్చినవారు మన తాతముత్తాతలు. నిర్ణయము మాత్రము వారిది కాదు. ఇప్పుడు మిగిలినదానిని కాపాడు నిర్ణయములో మనకూ పాలు ఉన్నది.

ఈసారి దారిప్రక్కన ఆముదపు కాయ కనబడితే పిల్లలకు మూడు గదులు చూపండి, పెండ్లి పొద కథ చెప్పండి. గింజను మాత్రము నోట పెట్టనీయకండి. అందులో రిసిన్ అను ప్రాణాంతకమైన విషమున్నది.