నడుము నుండి మడమ వరకు: తొడ, పిక్కల నిర్మాణం – గృధ్రసీ వాతం

కొండపల్లి బొమ్మ లేని బొమ్మల కొలువు మన ప్రాంతంలో అరుదు. దశావతారాలో, ఏనుగు అంబారీయో, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడో ఏదో ఒక మెట్టు మీద కొలువు తీరి ఉంటారు. ఈ బొమ్మలకు తెల్ల పొణికి కర్ర వాడతారు. కర్రను సన్నని సెగకు కాచి, తేమ తీసి, మొండెము, చేతులు, కాళ్లు వేర్వేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. తరువాత సుద్ద పూత, రంగులు. చూడముచ్చటైన ఈ పని అంతా నేల మీద కూర్చుని చేసేదే. ఒక కాలు మడిచి, రెండవ మోకాలికి కర్రను ఆనించుకొని, ఉదయం మొదలుపెట్టిన మనిషి మధ్యాహ్న భోజనానికి గాని లేవడు.

విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరిలోనే నా వైద్యశాల. బొమ్మలు చెక్కేవారు, కృష్ణా డెల్టా పొలాల్లో నాట్లు వేసి కలుపు తీసే స్త్రీలు, బెజవాడ వస్త్ర దుకాణాలలో పరుపు మీద పొద్దస్తమానం కూర్చునే గుమాస్తాలు – ముగ్గురి వృత్తులూ వేరు. నా వద్దకు వచ్చి చెప్పే మాట మాత్రం ఒక్కటే: "అయ్యా, తొడ నరం లాగుతోంది."

ఈ "నరం" అనే మాట దగ్గరే చికిత్స తప్పుదారి పట్టే అవకాశమున్నది. మన వాడుకలో రక్తం ప్రవహించే నాళము నరమే, స్పర్శ తెలిపే నాడి నరమే, మడమ వెనుక తాడువలె బిగిసి ఉండేదీ నరమే. సుశ్రుతాచార్యులు వీటిని కలగాపులగం చేయలేదు. 700 సిరలు, 900 స్నాయువులు, 16 కండరలు అని వేరువేరుగా లెక్కించారు. ఇంకొక చిక్కు గూడ ఉన్నది. నేడు మనం "కండరం" అంటే మాంసపు ముద్ద అనుకుంటున్నాము. శాస్త్రంలో దానికి పేశి అని పేరు. కండర అంటే ఎముకను పట్టి ఉండే బలమైన పెద్ద త్రాడు. పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన మాటను ఇప్పుడు మార్చలేము గనుక ఈ వ్యాసంలో నేను కండరమనే మాటను మాంసపేశికే వాడుతున్నాను.

మా గురువుగారు శారీరస్థానం చెప్పేటప్పుడు శిష్యులను తమ తమ కాళ్లు తడిమి చూసుకోమనేవారు. శ్లోకం నోటికి రావడం ఒక ఎత్తు, ఆ శ్లోకం చెప్పిన ఎముక వ్రేలికి తగలడం మరొక ఎత్తు. సుశ్రుతం ప్రకారం ఒక్కొక్క కాలిలో 30 ఎముకలు: వ్రేళ్లకు 15, పాదతలము, చీలమండ భాగాలలో 10, మడమకు 1, మోకాలి క్రింద 2, మోకాటికి 1, తొడకు 1. నేటి శాస్త్రం గూడ తుంటి ఎముకను మినహాయిస్తే కాలిలో 30 ఎముకలనే చెబుతుంది. అయితే వ్రేళ్లకు 14, పాదానికి, చీలమండకు, మడమకు కలిపి 12. బొటనవ్రేలికి రెండు ఎముకలే ఉండటం వల్ల వచ్చిన తేడా ఒకవైపు, పాదపు ఎముకలలో వచ్చిన తేడా రెండవవైపు సరిపోయి మొత్తం సమానమైనది. దీనిని పట్టుకొని "అన్నీ మనవాళ్లు ముందే చెప్పారు" అని గంతులు వేయవలసిన పని లేదు. శవాన్ని గడ్డితో చుట్టి, ప్రవహించే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, పొర పొరగా చూడమన్న ఆచార్యుని శ్రద్ధను గౌరవిస్తే చాలును.

తొడ ఎముక మన శరీరంలో అన్నిటికంటె పొడవైనది, ఎత్తులో ఇంచుమించు నాలుగవ వంతు. దాని ముందువైపు నాలుగు తలల పెద్ద కండరం ఉన్నది. గొంతుకూర్చున్న మనిషిని లేవదీసేది, మెట్లు ఎక్కించేది అదే. దీనికి ఆజ్ఞ అందించే నాడి నడుములోని 2, 3, 4 వెన్నుపూసల స్థానం నుండి బయలుదేరి గజ్జ దగ్గర తొడలోకి దిగుతుంది. లోపలివైపు కండరాలు రెండు తొడలను దగ్గరకు చేరుస్తాయి. వెనుకవైపు కండరాలు మోకాలిని మడుస్తాయి. వీటన్నిటి మీదుగా, తుంటి ముందుభాగం నుండి మోకాలి లోపలి ప్రక్కకు ఏటవాలుగా ఒక సన్నని పట్టీ దిగుతుంది. శరీరంలోని కండరాలన్నిటిలో పొడవైనది ఇదే. పాశ్చాత్యులు దీనికి దర్జీ కండరమని పేరు పెట్టారు, దర్జీ కూర్చునే భంగిమలో కాలిని మడిచేది ఇదే గనుక. కొండపల్లిలో పుట్టి ఉంటే దానికి వేరే పేరు వచ్చి ఉండేదేమో!

ఇక అసలు విషయం. శరీరంలోని నాడులన్నిటిలో లావైనది పిరుదు లోపల ఉన్నది. నడుము క్రింది భాగంలోని రెండు మూలాలు, త్రికాస్థిలోని మూడు మూలాలు కలిసి బొటనవ్రేలంత నాడిగా ఏర్పడి, పిరుదు పెద్ద కండరం చాటున దిగి, తొడ వెనుక మధ్యగా ప్రయాణించి, మోకాలి మడతకు కొంచెం పైన రెండుగా చీలుతుంది. ఒక శాఖ పిక్కలోనికి, అరికాలికి పోతుంది. రెండవది మోకాలి వెలుపలి ప్రక్కకు తిరిగి, అక్కడి సన్న ఎముక మెడను చుట్టుకొని, పాదాన్ని పైకి ఎత్తే కండరాలకు చేరుతుంది.

ఈ మార్గాన్ని మనస్సులో ఉంచుకొని చరకుని గృధ్రసీ లక్షణాలు చదవండి. నొప్పి, బిగుతు, పోటు మొదట పిరుదులో పుట్టి, నడుము, వీపు, తొడ, మోకాలు, పిక్క, పాదము – ఈ వరుసలో వ్యాపిస్తాయన్నాడు. సుశ్రుతుడు మరొక అడుగు ముందుకు వేసి, కాలిని చాచి పైకెత్తడం అడ్డగింపబడుతుందన్నాడు. నేటి వైద్యుడు రోగిని వెల్లకిల పరుండబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి చూసేది దీనినే. సగం ఎత్తకముందే నొప్పి మోకాలి క్రిందికి మెరుపులా దిగితే నాడీమూలం ఒరిపిడికి గురియవుతున్నదని అనుమానించాలి. గృధ్రమంటే రాబందు. దాని ముక్కుపోటు వంటి నొప్పి అని కొందరు, రోగి నడక దాని నడకను పోలి ఉంటుందని కొందరు వ్యాఖ్యానిస్తారు. బాధ పడినవారికి మొదటి అర్థమే నచ్చుతుంది. వాతజమైతే నొప్పి, వంకర ఎక్కువ. కఫం కలిస్తే బరువు, మాంద్యం, అరుచి తోడవుతాయి. చికిత్స ఈ భేదాన్ని బట్టి మారుతుంది.

కాలి నొప్పి అంతా గృధ్రసి కాదు. సుమారు యాభై ఏళ్ల బొమ్మల కళాకారుడొకరు "కాలు తిమ్మిరి, చెప్పు జారిపోతున్నది" అంటూ వచ్చారు. నడుములో నొప్పి లేదు, కాలు చాచి ఎత్తితే బాధ లేదు. పాదం మాత్రం వ్రేలాడుతున్నది. నడిచేటప్పుడు మోకాలిని ఎత్తి, పాదాన్ని చప్పుడుతో నేల మీద వేస్తున్నారు. మడమల మీద నడవమంటే కుడికాలు నిలవలేదు. మోకాలి వెలుపలి ప్రక్కన సన్న ఎముక మెడ దగ్గర వ్రేలితో తట్టగానే పాదం పైభాగానికి జిల్లుమన్నది. చెప్పాను గదా, రెండవ శాఖ అక్కడ చర్మం చాటునే ఎముకను చుట్టుకొని ఉంటుందని. సక్లముక్లం వేసుకొని గంటల తరబడి కూర్చుంటే ఆ చోటు గచ్చుకు, ఎముకకు మధ్య నలుగుతుంది. గొంతుకూర్చుని కలుపు తీసే స్త్రీలలోనూ ఇదే నాడి మోకాలి మడతలో ఒత్తుకుపోతుంది. వారు దసరా సరుకు పని వదలలేమన్నారు. పని మానమని నేనూ అనలేదు. నాలుగు వ్రేళ్ల ఎత్తు పీట వేసుకోమని, అరగంటకొకసారి కాలు చాచమని, ఆ ప్రక్కను నేలకు ఆనించవద్దని చెప్పి, విజయవాడలో నాడీవైద్యునికి చూపించమన్నాను. ఒత్తిడి తొలగిన నాడి కొద్ది వారాలలోనే మేలుకొన్నది. నలిగినది గాక లోపలి తంతువులే తెగి ఉంటే మాత్రం అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే తిరిగి పెరుగుతాయి. మోకాలి నుండి పాదానికి ఎన్ని నెలలు పడుతుందో మీరే లెక్కించుకోండి.

ఈ చోటనే నాడి లావెక్కి, చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠువ్యాధిని అనుమానించాలి. సిగ్గుపడి దాచుకోవలసిన రోగం కాదది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా మందులిస్తారు, నయమవుతుంది. ఆలస్యమైతే పాదం వ్రేలాడుతుంది.

ఇంట్లోనే మూడు పరీక్షలు చేసుకోవచ్చును. మడమల మీద నాలుగడుగులు నడవండి. కాలి వ్రేళ్ల మీద నాలుగడుగులు నడవండి. గొంతుకూర్చుని చేతి సాయం లేకుండా లేవండి. మొదటిది పాదాన్ని ఎత్తే కండరాలను, రెండవది పిక్కను, మూడవది తొడ ముందుభాగాన్ని పరీక్షిస్తుంది. కొత్తగా ఏ ఒక్కటి చేయలేకపోయినా అది నూనెతో పోయే నొప్పి కాదని గ్రహించండి. తొడ వెలుపలి ప్రక్కన అరచేయంత మేర మంట, మొద్దుబారడం మాత్రమే ఉండి, బలం తగ్గకపోతే గజ్జ దగ్గర చర్మనాడి ఒత్తుకుంటున్నదన్నమాట. బిగుతైన బెల్టు, లావైన పొట్ట, కొన్నిసార్లు గర్భం దీనికి కారణం. బెల్టు వదులు చేస్తే చాలామందికి అదే ఔషధం.

తొడ పట్టిందంటే నూనె రాయడం మన ఇళ్లలో అలవాటు. ఆయుర్వేదం అంటే మర్దనమే అనే భావం పెరిగిపోయింది. చరకుడు ఊరుస్తంభమనే వ్యాధిని ప్రత్యేకంగా ఒక అధ్యాయంలో చెప్పి, దానిలో స్నేహకర్మ గాని పంచకర్మలు గాని కూడవన్నాడు. ఆమం, కఫం, మేదస్సు తొడలలో చేరి వాటిని కొయ్యబార్చినప్పుడు నూనె అగ్నికి ఆజ్యమే. నేటి కాలంలో ఈ హెచ్చరిక ప్రాణం నిలిపే చోటు ఇంకొకటి ఉన్నది. పిక్క లోపలి కండరాలు నడిచినప్పుడల్లా పిండుతూ రక్తాన్ని గుండె వైపు ఎగదోస్తాయి. శస్త్రచికిత్స తరువాత మంచం పట్టినవారికి, కాన్పు అయినవారికి, సుదూర ప్రయాణం చేసినవారికి ఆ ప్రవాహం మందగించి లోపలి సిరలో రక్తం గడ్డకట్టవచ్చును. ఒక్క కాలే వాచి, వేడిగా, పిక్క నొక్కితే నొప్పిగా ఉంటుంది. దానిని మర్దన చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తులలో చిక్కుకొని ప్రాణమే పోవచ్చును. బాలింతకు ఒళ్లు పట్టే పెద్దమ్మలు, నాయనమ్మలు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి: ఒంటి కాలి వాపును తాకవద్దు, ఆ రోజే ఆసుపత్రికి పంపండి.

గృధ్రసి అని నిర్ధారణ అయినవారికి ఇంటి వైద్యం కొంత ఉన్నది. పెరటి పారిజాతం ఆకులు 15 గ్రాములు నలగగొట్టి, పావు లీటరు నీటిలో సన్నని సెగ మీద నాలుగవ వంతు మిగిలే వరకు కాచి, వడకట్టి ఉదయం త్రాగాలి. పెద్ద మంట పెట్టవద్దని శాస్త్రమే చెప్పింది. మలబద్ధం ఉన్నవారు రాత్రి శొంఠి కషాయంతో ఒక చెంచాడు వంటాముదం తీసుకోవచ్చును. గర్భిణులకు ఇది నిషిద్ధం. వావిలి ఆకులకు ఆముదం రాసి, వెచ్చజేసి, నడుముకు, పిరుదుకు కట్టు కట్టాలి. బాలింత స్నానానికి వాడే ఆ ఆకు మన పల్లెల్లో పొలం గట్ల మీదనే దొరుకుతుంది. గుగ్గులు యోగాలు వైద్యుడు చూసి ఇవ్వవలసినవే గాని దుకాణంలో అడిగి కొనవలసినవి కావు. రెండు మూడు రోజులకు మించి మంచం మీద ఉండిపోవద్దు. మెల్లగా నడవడమే మంచిది. చాలామందికి కొద్ది వారాలలో తగ్గుతుంది.

మధుమేహులు ఇసుక మూట, వేడి ఇటుక కాపడం జోలికి పోరాదు. పాదంలో స్పర్శ తగ్గి ఉంటుంది గనుక కాలినది తెలియదు, పుండు పడిన తరువాత గాని కనబడదు. నడుము నొప్పితో పాటు మూత్రం బిగబట్టినట్లయినా, ఆపుకోలేకపోయినా, గుదము చుట్టూ, తొడల లోపలి ప్రక్క మొద్దుబారినా ఒక్క రాత్రి గూడ ఆగకండి. శస్త్రచికిత్స ఆలస్యమైతే ఆ నాడులు మళ్లీ మేలుకోకపోవచ్చును.

పిరుదుకు ఇంజెక్షను చేయించుకునేవారికి ఒక సూచన. పిరుదును నాలుగు భాగాలుగా ఊహించుకుంటే పై వెలుపలి భాగంలోనే సూది పడాలి. క్రింది లోపలి భాగంలో పైన చెప్పిన పెద్ద నాడి ఉన్నది. అక్కడ పొడిచిన సూది వల్ల పాదం వ్రేలాడిన పిల్లలను నేను ఈ చుట్టుప్రక్కల గ్రామాలలో చూశాను. పసిపిల్లలకు టీకా తొడ ముందు వెలుపలి భాగంలో వేస్తారు. ఎక్కడ వేస్తున్నారని సూది పడకముందే అడగడానికి తల్లులు మొహమాటపడవద్దు.